ఇటు డ్రిల్లు.. అటు గూడు!

కొత్త టీవీ వచ్చింది. గోడకు బిగించాలి. డ్రిల్లింగ్ మిషన్ పట్టుకుని కుర్రాడు రానే వచ్చాడు. ఎక్కడో చూపిస్తే చాలు.. నాలుగు కన్నాలు, పది నిమిషాల పని! అపార్టుమెంటులో అయితే అంతే. దోమలగూడ, అశోక్‌నగర్, చిక్కడపల్లి సందుల్లో ఇంకా మిగిలున్న పాత ఇళ్లలో మాత్రం ఆ గోడ సగం మీది, సగం పక్కవాళ్లది.

ఒకప్పుడు అదంతా ఒకే ఇల్లు. అన్నదమ్ములు పంచుకున్నాక హాలుకీ పడగ్గదికీ మధ్యనున్న గోడే రెండిళ్ల సరిహద్దయింది. పంచుకోని చోట పోర్షన్లు వెలిశాయి. పోటీ పరీక్షల కోచింగు కోసం జిల్లాల నుంచి వచ్చే కుర్రాళ్లు వాటిలో అద్దెకు దిగుతారు. పుస్తకాలకో అర కావాలి. ‘గోడకు మేకు కొట్టొద్దు బాబూ’ అని ఓనరమ్మ ముందే చెప్పేస్తుంది. పిసినారితనం అనుకుంటారు గానీ, ఆ గోడ సంగతి ఆవిడకు తెలుసు.

పాత గోడలు చాలావరకు అడుగు, అడుగున్నర మందం. రాయో ఇటుకో పేర్చి డంగు సున్నంతో కట్టినవి. సున్నం, ఇసుక కలిపి ఎద్దులు తిప్పే గానుగలో నూరేవారు. కరక్కాయ నీళ్లు, బెల్లం కలపడమూ ఉండేది. ఈ సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుంటూ ఏళ్ల తరబడి గట్టిపడుతుంది. అయినా సిమెంటంత బిరుసుగా ఉండదు. మిషన్‌ను హ్యామర్ మీద పెట్టి దడదడలాడిస్తే ఇటు కన్నం పడేలోపే అటు గచ్చు పెచ్చులేస్తుంది.

అసలు చిక్కు గూళ్లతో! అప్పట్లో సామానంతా గోడల్లోని గూళ్లలోనే కదా. దీపానికో గూడు, దేవుడికో గూడు. 18 అంగుళాల గోడలో అటువైపు 12 అంగుళాల లోతు గూడు ఉంటే, ఇటు మిగిలేది 6 అంగుళాలే. మీ వైపు నుంచి చూస్తే నున్నటి గోడ. బిట్టు 4 అంగుళాలు దిగేసరికి ఆ మిగతా రెండూ పెళ్లగా విరిగి పక్కింటి దేవుడి పటం మీద పడొచ్చు. అదీ పూజ వేళ! పై వరసల్లో దూలాలు, ఇనుప గర్డర్ల కొసలు రెండు వైపుల నుంచీ ఇదే గోడ మీద ఆని ఉంటాయి. అక్కడ అసలు చెయ్యి పెట్టకూడదు.

ఇంగ్లండ్, వేల్స్‌లో ఉమ్మడి గోడల కోసమే 1996లో చట్టం చేశారు. గోడను కోయాలన్నా, ఎత్తు పెంచాలన్నా పక్కవారికి రెండు నెలల ముందు నోటీసివ్వాలి. అరలు బిగించుకోవడానికి అక్కర్లేదు. మన దగ్గర అలాంటి ప్రత్యేక చట్టం లేదు. ఉమ్మడి గోడను ఒకరు బలహీనపరచి రెండోవారికి నష్టం చేయకూడదన్నదే సూత్రం. అయినా నాలుగు కన్నాల కోసం కోర్టుకెక్కేదెవరు? మాటలు మానేస్తారంతే. అన్నదమ్ముల ఇళ్లలో అయితే పాత పంపకాల గొడవ కూడా అందులోంచే బయటికొస్తుంది.

కాబట్టి మిషన్ ప్లగ్గులో పెట్టేముందు పక్కింటి తలుపు తట్టండి. ‘పిన్నిగారూ, ఈ గోడకు మీవైపు ఏముందండీ?’ అని అడిగి, ఒప్పుకుంటే టేపుతో లోపలికి వెళ్లి కొలుచుకోండి. గుమ్మం నుంచి గూడు ఎంత దూరం, నేల నుంచి ఎంత ఎత్తు.. రెండే కొలతలు. వైర్లు ఎటు వెళ్లాయో కూడా అడగండి. పంపకాలప్పుడు లాగిన లైన్లు ఎటునుంచి ఎటు పోయాయో మీ ఎలక్ట్రీషియన్‌కు తెలియదు.

హ్యామర్ ఆపేసి మామూలుగా తిప్పితే చాలు. బిట్టుకు ఎంత లోతో అంత దగ్గర టేపు ముక్క చుట్టాలి. రాలే పొడిని గమనించండి. ఎర్రగా వస్తే ఇటుక.. పట్టు ఉంటుంది. తెల్లగా, మెత్తగా వస్తూనే ఉంటే సున్నపు సందు.. ప్లగ్గు నిలవదు, చోటు మార్చాలి. (ఈ ప్లగ్గు పుట్టిందే పాత గోడల కోసం. బ్రిటిష్ మ్యూజియం గోడలు పాడవకుండా కరెంటు సామాను బిగించడానికి జాన్ రాలింగ్స్ దీన్ని తయారుచేశాడు. రావల్ ప్లగ్ అంటున్నది ఆయన పేరుమీదే.) 15 లీటర్ల గీజరులో నీళ్ల బరువే 15 కిలోలు. దాన్ని మాత్రం వేరే గోడకు మార్చుకోండి.

పొరపాటున కన్నం పెద్దదైతే సిమెంటు జోలికి పోవద్దు. చెమ్మ బయటికి పోయే దారిలేక చుట్టూ గచ్చు ఊడొస్తుంది. సున్నం, సన్న ఇసుకే వాడాలి. అటువైపు పెచ్చు లేస్తే మీ మేస్త్రిచేతే, ఆ రోజే పూయించండి. రంగు మాత్రం వాళ్లు చెప్పిందే!