కూలి కబురు ఎవరి చేతిలో ఉంది?

మొన్న నాట్లకు ముందు కూలిరేటు మాట్లాడుకుందామని జలదంకిలో మీటింగు పెట్టాం. కబురు వాట్సాప్ గ్రూపులో వేశాం. గంటలో అరవైకి పైగా బొటనవేళ్ళు లేచాయి. రాత్రి చెట్టు కిందికి వచ్చింది మాత్రం పదకొండు మంది. తెల్లారేసరికి మనం అడగబోయే రేటు ఆసాముల గ్రూపులోకి పోయింది! "మీరడిగేది మాకు రాత్రే తెలుసులే" అని ఒక ఆసామి నవ్వతా అన్నాడు.

ఇదే గడ్డ మీద ఒకప్పుడు కబురు ఎట్లా నడిచింది? దూబగుంట మనకు దూరమేం కాదు, పక్కనున్న కలిగిరి మండలమే. 1991లో జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడుస్తున్నప్పుడు, పగలంతా కూలికి పోయొచ్చిన ఆడవాళ్ళు రాత్రిబడిలో కూర్చుని అక్షరాలతోపాటు ఇంటి బాధలూ చెప్పుకున్నారు. మొగుడి కూలి సారా కొట్టుకు పోతోంది, పిల్లలకు గంజి లేదు. రోశమ్మలాంటివాళ్ళు ముందు నిలబడి ఊళ్ళో సారా కొట్టు మూయించారు. ఆ కథ పాఠమై ఊరూరా రాత్రిబడులకు చేరింది. 1992లో జిల్లాలో ఆడవాళ్ళు సారా వేలంపాటల్ని అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. (1995లో తెచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో ఎత్తేశారు, అది వేరే కథ.) పత్రికలు తోడ్పడ్డాయి, కాదనం. అయితే ఆ పాఠం చదివే మనిషి పక్కన మరో పదిమంది ఉన్నారు. చదవడం అయినాక అందరూ కలిసి కొట్టు దగ్గరికి నడిచారు. వేలిముద్ర వదిలి సంతకం నేర్చుకోవడానికి వాళ్ళు అంత కష్టపడితే, సంతకం వచ్చిన మనం మళ్ళీ బొటనవేలికే దిగామా అనిపిస్తోంది.

ఫోను వద్దనడం లేదు. కువైట్‌లో ఇంటిపనికి పోయిన తల్లి ముఖం ఇక్కడి బిడ్డకు కనిపించేది దానిలోనే. కానీ దాని యజమాని ఎవరు? 2014లో ఫేస్‌బుక్ కంపెనీ వాట్సాప్‌ను దాదాపు 1900 కోట్ల డాలర్లకు కొన్నది. మన దగ్గర పైసా తీసుకోకుండా యాప్ ఇచ్చేవాడు అంత సొమ్ము ఎందుకు పోస్తాడు? ఫేస్‌బుక్‌కు ప్రధాన రాబడి ప్రకటనలే. మనం ఎంతసేపు చూస్తే అంత లాభం. కూలిరేటు లెక్క ఎవరూ అరగంట చూడరు. కులం తిట్లూ సినిమా హీరోల కొట్లాటలూ అయితే అర్ధరాత్రి దాకా చూస్తారు. నాటు వేసేటప్పుడు ఒకే వరసలో వంగిన ఇద్దరు, రాత్రి ఫోనులో ఒకరి కులాన్ని ఒకరు తిట్టుకుంటే ఎవరికి లాభం?

పుకార్ల సంగతి ఇంకా ఘోరం. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని వాట్సాప్‌లో తిరిగితే, తెలుగు రాష్ట్రాల్లో కొత్త ముఖం కనిపిస్తే చాలు కొట్టారు. అమాయకుల ప్రాణాలు పోయాయి. దెబ్బలు తిన్నది అడుక్కునేవాళ్ళు, మతి స్థిమితం లేనివాళ్ళు, పొట్టకూటికి ఊళ్ళు తిరిగేవాళ్ళు. ఆ జులైలో గానీ కంపెనీ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదుగురికి మించి పంపనీయమని కట్టడి పెట్టలేదు.

ఢిల్లీ సరిహద్దుల్లో 2020–21లో కూర్చున్న రైతులూ ఫోన్లు వాడారు. 2020 డిసెంబరులో వాళ్ళ ఫేస్‌బుక్ పేజీ ఉన్నట్టుండి మూతపడింది. గోల చేస్తే కొద్ది గంటల్లో తెరిచారు. యంత్రం పొరపాటు పడిందన్నారు. ఆ గంటల్లో రైతులేమన్నా లేచిపోయారా? ట్రాక్టర్లూ వంటపొయ్యిలూ అక్కడే ఉన్నాయి, తమ సొంత పత్రికా అచ్చేసుకున్నారు. మూడు చట్టాల రద్దు ప్రకటన 2021 నవంబరు 19న వచ్చింది.

జలదంకిలో ఆ పదకొండు మందిమీ కూర్చుని అనుకున్నది ఇది: గ్రూపులో ఇకమీదట మీటింగు తేదీ, చోటు మాత్రమే వేస్తాం. రేటు మాట నోటితోనే. వీధికి ఇద్దరు, అందులో ఒకరు ఆడమనిషి, ఇల్లిల్లూ తిరగాలి. మేస్త్రీలతో ముందుగా మాట్లాడాలి. శనివారం రాత్రి మళ్ళీ అదే చెట్టు కింద కలుస్తున్నాం.