ఛాతీమీది కెమెరా, చేతిలోని అమానతు

పూర్వము ప్రభుత్వోద్యోగి చేతిలో కలము, కాగితము ఉండెడివి. ఆయన వ్రాసినదే పంచనామా, ఆయన చెప్పినదే సాక్ష్యము. నేడు ఆ కలము ప్రక్కకు ఒక చిన్న కెమెరా వచ్చి చేరినది. దానిని చొక్కాకు తగిలించుకొందురు. మీట నొక్కినచో ఎదుటివాని ముఖమును, మాటను కూడ అది పట్టుకొనును. బ్రిటనులో 2006 ప్రాంతమున ప్లిమత్ నగర పోలీసులు దీనిని ప్రయోగించి చూచినారు. తరువాత అచ్చటి నగర కౌన్సిళ్లు అనేకము పార్కింగు తనిఖీ చేయువారికి, వీధిలో చెత్త వేసినవారికి జరిమానా విధించు సిబ్బందికి దీనిని ఇచ్చినవి. మన హైదరాబాదులో ట్రాఫిక్ పోలీసుల ఛాతీమీద విద్యార్థులు దీనిని చూచియే యుందురు. రేపు బల్దియా సిబ్బంది అందరికి ఇది వచ్చినను ఆశ్చర్యపడనక్కరలేదు.

కొందరు మిత్రులు కెమెరా పేరు వినగానే నిఘాయని భయపడుదురు. మేము అంత దూరము పోము. చార్మినారు పరిసరములలో తోపుడు బండిమీద పండ్లు అమ్ముకొనువాని సంగతి తలచుకొందము. వీధి వ్యాపారుల రక్షణకై 2014లో పార్లమెంటు చేసిన చట్టము ప్రకారము, ధ్రువపత్రముగల వ్యాపారిని అతని చోటినుండి తొలగించుటకు 30 దినముల నోటీసు ఈయవలెను. సరకు జప్తు చేసినచో జాబితా వ్రాసి అతని చేతికి ఈయవలెను. రుసుము చెల్లించి అడిగినచో, చెడిపోవు సరకును ఆ దినముననే, తక్కినదానిని రెండు పనిదినములలో వాపసు చేయవలెను. ఈ సంగతి బండివారిలో ఎందరికి తెలియును? జాబితా ఇచ్చినామని సిబ్బంది అందురు, ఈయలేదని వ్యాపారి అనును. అతని మాటకు విలువ కట్టువారెవరు? అట్టి తగవులో దృశ్యము నమోదైయున్నచో, అది ఆ పేదవానికి దొరికిన మొదటి గవాహీ. కావుననే ఈ కెమెరాను మేము స్వాగతింతుము. కాని ఆ గవాహీ ఎవరి పెట్టెలో ఉన్నది, తాళపుచెవి ఎవరియొద్ద ఉన్నది అని అడుగక మానము.

ఉద్యోగి ఛాతీమీది కెమెరాకు ఉద్యోగి ముఖము కనబడదు. మీట నొక్కుట, ఆపుట సాధారణముగ ఆయన ఇష్టమే. తగవు ముదిరిన పిమ్మట మీట నొక్కినచో పౌరుని కోపము నిలిచిపోవును, ఆ కోపమునకు కారణమైన మాట గాలిలో కలిసిపోవును. ఇది ఊహామాత్రము కాదు. ఇంగ్లండు, వేల్సు పోలీసులనుగూర్చి 2023లో బి.బి.సి. వారు 150కి పైగా దుర్వినియోగ ఆరోపణలను వెలికి తీసినారు. బలప్రయోగ సమయమున కెమెరా ఆపినవారును, దృశ్యములను వాట్సాప్‌లో పంచుకొన్నవారును వాటిలో కలరు.

మన ఉర్దూ విద్యార్థులకు అమానతు అను మాటను వివరింపనక్కరలేదు. తెలుగువారికొరకు చెప్పెదము: నమ్మి దాచుమని అప్పగించిన సొత్తు అమానతు, దానిని స్వంతమునకు వాడుకొనుట ఖయానతు. వీధిలో తీసిన దృశ్యమును ఎవరును అప్పగింపలేదు, అడుగకయే తీసికొన్నారు. అట్టిదాని బాధ్యత మరింత బరువైనది. బ్రిటనులో కౌన్సిళ్లు దృష్టియందుంచుకొనవలసిన 12 సూత్రముల నియమావళి 2013లో వెలువడినది. అచ్చటి పౌరుడు తన దృశ్యమును చూపుమని అడిగినచో సాధారణముగ ఒక నెలలో, రుసుము లేకుండ, ఈయవలెను. ఇతరుల ముఖములను మరుగుపరచి ఇత్తురు. సాక్ష్యమునకు అవసరములేని దృశ్యములను సుమారు నెలదినములకు చెరిపివేయుట అనేక కౌన్సిళ్ల పద్ధతి.

ఆ దేశమును మరీ పొగడవలదు. 2010లో బర్మింగ్‌హాము నగరమున, ముస్లిములు అధికముగ నివసించు స్పార్క్‌బ్రూక్, వాష్‌వుడ్ హీత్ ప్రాంతములలో 200కు పైగా కెమెరాలు నాటినారు. నేరనివారణకని ప్రజలకు చెప్పినారు, సొమ్ము మాత్రము ఉగ్రవాద నిరోధక నిధులనుండి వచ్చినది. నగర కౌన్సిలు, పోలీసులు కలిసిన సంస్థ పేరిట ఆ పని జరిగినది. స్థానికులు నిలదీసినారు, పోలీసు అధిపతి క్షమాపణ చెప్పినారు, 2011లో కెమెరాలను ఊడబెరికినారు. అవి ఒక్కనాడును పనిచేయలేదు. అయినను కౌన్సిలు మాటమీది నమ్మకము చెడినది. ఉద్దేశమును దాచి పెట్టిన కెమెరా పని చేయకయే కీడు చేయగలదు.

మన దేశమున గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీముకోర్టుకు చెందిన 9 మంది న్యాయమూర్తుల ధర్మాసనము 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పినది. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము వచ్చినది. 2025 నవంబరులో దాని నియమములు వెలువడినవి, ముఖ్య బాధ్యతలు మాత్రము అప్పటినుండి 18 నెలలకు అమలులోనికి రావలసినవి. అయితే ఆ చట్టపు 11వ సెక్షనును విద్యార్థులు చదువవలెను. నా సమాచారము చూపుడు అని అడుగు హక్కు సమ్మతితోనో, తమంతట తామైయో సమాచారమిచ్చినవారికే అందున్నది. వీధిలో సమ్మతి ఎవరు అడిగినారు? 2021 లాక్‌డౌను కాలమున మన నగరమునందే పోలీసులు మాస్కు తీయించి ఫొటో తీసినారని ఒక సామాజిక కార్యకర్త హైకోర్టు కెక్కవలసివచ్చినది.

కావున బల్దియా సిబ్బందికి ఈ కెమెరా ఇచ్చునాడు కౌన్సిలర్లు కొన్ని మాటలు వ్రాతలో పెట్టవలెను. తనిఖీ మొదలగునప్పుడే మీట నొక్కవలెను, ఆపినచో కారణము వ్రాయవలెను. దృశ్యమును ఎవరు ఎప్పుడు చూచినారో దానియందే నమోదు కావలెను. జప్తుకు గురియైనవాడు గడువులోపల అడిగినచో నకలు ఉచితముగ ఈయవలెను, అతడు ఫిర్యాదు చేసినచో అది తేలువరకు చెరుపరాదు. తెలంగాణమున ఉర్దూ 2017నుండి రాష్ట్రమంతటికి రెండవ అధికార భాష గనుక, ఆ దరఖాస్తును తెలుగులోనైనను ఉర్దూలోనైనను తీసికొనవలెను. దరఖాస్తు ఏ గదిలో, ఎవరికి ఈయవలెనో బల్దియా గోడమీద రెండు భాషలలోను వ్రాసి పెట్టవలెను.