చాందా అని వెతికితే

మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లా బల్లార్‌పూర్‌లో ఒక తెలుగింటి అమ్మాయి డిగ్రీ ప్రాజెక్టుకు చంద్రపూర్ చరిత్ర ఎంచుకుందనుకోండి. ఫోన్ తీయగానే ఎదురయ్యేది కుందేలు. గోండు రాజు ఖాండ్క్యా బల్లాళ్ షా వేటకెళితే కుందేలే కుక్కను తరిమిందట, ఆ చోట కోట కట్టించాడట. ఏ సైటు తెరిచినా ఇదే కథ. ఇంతమంది చెబుతుంటే అబద్ధమా అనిపిస్తుంది. హంపి గురించీ మనం విన్నది ఈ కథే, అహ్మదాబాద్‌కూ ఇదే. ఒక్క కుందేలు ఇన్ని రాజధానులకు శంకుస్థాపన చేసిందంటే, పాపం దానికి తీరికే లేదన్నమాట.

అలాగని నెట్‌ను తిట్టిపోస్తే అన్యాయం. చంద్రపూర్ అని కొడితే తాడోబా పులులు, థర్మల్ కేంద్రం వస్తాయి. పాత పేరు చాందా అని కొడితే 1909 నాటి జిల్లా గెజిటీర్ పేజీ పేజీగా తెరుచుకుంటుంది. (ఆ పేరు రైల్వేవాళ్ల చాందా ఫోర్ట్ స్టేషన్‌లో ఇంకా బతికే ఉంది.) ఒకప్పుడు ఆ పుస్తకం కోసం నాగపూర్ రైలెక్కాల్సి వచ్చేది. అయితే పాత పుస్తకమూ వేదం కాదు. గోండు రాజుల వరుసను 1869 సెటిల్‌మెంట్ నివేదికలో రాసిన మేజర్ లూసీ స్మిత్ శిస్తు లెక్కలకొచ్చిన అధికారి. తర్వాతివాళ్లు చాలామంది ఆయన్నే పట్టుకు నడిచారు. పది సైట్లూ పది సాక్ష్యాలు కావు.

అంకెల్లో ప్రమాదం ఇంకా ఎక్కువ. జిల్లాలో తెలుగు మాట్లాడేవాళ్లెందరని జనగణన పట్టికలు తీసి, 1971నీ 1991నీ పక్కపక్కన పెడితే అమ్మాయి బోల్తా పడుతుంది. 1982 ఆగస్టు 26న గడ్చిరోలి విడి జిల్లా అయింది, తెలుగు బాగా వినిపించే సిరోంచా అటు వెళ్లిపోయింది. మనుషులు కదల్లేదు, గీత కదిలింది. పట్టిక ప్రభుత్వానిదే, అంకె సరైనదే, తీసిన అర్థమే తప్పు. చాట్‌బాట్‌ను అడిగితే ఈ మెలిక చెప్పవచ్చు, చెప్పకపోవచ్చు. లేని పుస్తకానికి పేజీ నంబరు మాత్రం తడుముకోకుండా ఇవ్వగలదు.

పరిశోధన పత్రికల్లో అచ్చయిందే నమ్ముదామా? 2018లో యూజీసీ తన ఆమోదిత జాబితా నుంచి 4,305 పత్రికలను తీసేసింది. మంచివాటికి చందా భారం. 2025లో మొదలైన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకం ప్రభుత్వ సంస్థలకు తలుపు తెరిచింది, ప్రైవేటు కాలేజీ పిల్లలు బయటే ఉన్నారు. వాళ్లను నెట్‌లో ఏది పడితే అది చదివారని తప్పుపట్టడం నాకు న్యాయంగా తోచదు.

ఇక తెలుగువాళ్లు బల్లార్‌పూర్ బొగ్గు గనులకూ కాగితం మిల్లుకూ ఎందుకొచ్చారన్నది పట్టికలో ఉండదు. ఇంట్లో తాతయ్యను అడగాలి. ఆయన చెప్పిన ఏడాదిని మళ్లీ నెట్‌లోనే సరిచూసుకోవాలి.