సొంత గడపకు చక్రాలు: ఖతర్ తెలుగు పనివారి ప్రణాళిక

ఖతర్‌లో ఇళ్లు కట్టే చేతులు మావి. లుసైల్ టవర్లకు కడ్డీలు కట్టాం. అల్ వక్రా విల్లాల్లో టైల్స్ పరిచాం. చలికాలం ఎడారి విడిదికి పోయే క్యారవాన్లకు సనయ్య పారిశ్రామికవాడ వర్క్‌షాపుల్లో చాసిస్ వెల్డింగ్ చేశాం. జగిత్యాల నుంచి, సిరిసిల్ల నుంచి, కడప నుంచి, కోనసీమ నుంచి, శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్లం. ఇన్నాళ్లూ ఇతరుల డ్రాయింగు పట్టుకుని కట్టాం. ఇకమీదట మా గీత మేమే గీసుకుని, ట్రైలర్ మీద నిలిచే చిన్న ఇంటిని మా కోసం మేమే కట్టుకుంటామని ప్రకటిస్తున్నాం.

వయసంతా ఎడారికి ధారపోసి, ఊళ్లో రెండంతస్తుల స్లాబు వేయించి, దానికి తాళం పెట్టి, తాను మాత్రం బెడ్ స్పేస్‌లో నెరిసిపోయే పద్ధతికి కాలం చెల్లింది. దాని తర్వాత ఏం రావాలో చెప్పడానికే ఈ పత్రం. చదువుతున్న మీరు మాతో నడవగలవారని నమ్మి చెబుతున్నాం.

1. కదలగల ఇల్లు సంపూర్ణమైన ఇల్లు.

మనం పనిచేస్తున్న ఈ నేలకు ఆ సంగతి ఎప్పటినుంచో తెలుసు. 1959లో డెన్మార్క్ నుంచి వచ్చిన పరిశోధకుడు క్లౌస్ ఫెర్డినాండ్, ఛాయాగ్రాహకురాలు యెట్టె బాంగ్ ఇక్కడి అల్ నయీం, అల్ ముర్రా తెగల గుడారాల జీవితాన్ని నమోదు చేశారు. మేకవెంట్రుకలతో ఆ గుడారపు గుడ్డ నేసింది ఆడవాళ్లు. మేతకోసం మంద కదిలితే ఇల్లూ దానితోపాటే కదిలేది. 2022 నవంబరు 20న ప్రపంచ కప్ ఫుట్‌బాల్ మొదలైన అల్ బైత్ స్టేడియాన్ని ఆ గుడారం రూపంలోనే కట్టారు. రాస్ అబూ అబూద్‌లోని స్టేడియం 974నైతే విప్పి మరోచోట నిలబెట్టుకునేలా షిప్పింగ్ కంటైనర్లతో నిర్మించారు. 2023 ఫిబ్రవరి 6న తుర్కియే, సిరియాలను భూకంపం కుదిపేశాక, ప్రపంచ కప్ కోసం సిద్ధం చేసిన క్యాబిన్ల వంటి 10,000 కదిలే ఇళ్లను అక్కడికి పంపుతామని ఖతర్ ప్రకటించింది. ఇల్లు పోగొట్టుకున్నవారి దగ్గరికి ఇల్లే కదిలి వెళ్లడం మేం కళ్లారా చూశాం. అటువంటి క్యాబిన్ల తలుపులు బిగించిన చేతులు మనలోనే ఉన్నాయి.

మన తాతలకూ గూడుబండ్లుండేవి. లంబాడీల బిడారులు దక్కను దారులన్నీ తొక్కాయి. కదలిక అంటే దిక్కులేనితనమని మనకు ఎవరు నేర్పారో గాని, ఆ పాఠాన్ని మేం వదిలేస్తున్నాం.

2. చాలినంత ఇల్లే మంచి ఇల్లు.

మేం తలపెట్టిన ఇంటి వెడల్పు ఎనిమిదిన్నర అడుగులు, పొడవు 20 అడుగులు. మొత్తం 170 చదరపు అడుగులు, అంటే దాదాపు 16 చదరపు మీటర్లు. కార్మికుల వసతిపై ఖతర్ 2014లో తెచ్చిన నిబంధన ఒక మనిషికి కనీసం 6 చదరపు మీటర్లు ఉండాలంది. ఆ లెక్కను ఒంటిమీద మోసి బతికినవాళ్లకు 16 చదరపు మీటర్ల విలువ వేరే చెప్పనక్కర్లేదు. నామక్కల్‌కు చెందిన అరుణ్ ప్రభు ఆటో వెనక 36 చదరపు అడుగుల్లోనే వంటకూ పడకకూ స్నానానికీ చోటు చేసి చూపించాడు. కరీంనగర్ పక్కన బొమ్మకల్ అమ్మాయి పేరాల మానసారెడ్డి 2021లో మురుగునీటి కాంక్రీటు పైపును కాపురముండే ఇల్లుగా మలిచింది. ఆమె మన తెలుగు బిడ్డ, మన సివిల్ పనిలోనే ఆరితేరింది. ఆమె వేసిన అడుగును మేం ముందుకు తీసుకుపోతాం.

అయిదుగురి కాపురానికి ఈ ఒక్క ఇల్లు చాలదు, చాలుతుందని ఎవరినీ నమ్మించం. కుటుంబం పెరిగితే రెండో ట్రైలర్ వస్తుంది. రెండూ మూలమట్టంగా నిలిస్తే మధ్యలో వాకిలి ఏర్పడుతుంది.

3. పనితనమే మా ఆస్తి.

ఇక్కడ కాస్త నిలబడి మాట్లాడాలి. ఉద్యమాలు ఆశయాల దగ్గర కాక కొలతల దగ్గరే ఓడిపోతాయని మా నమ్మకం. భారతదేశపు మోటారు వాహనాల నిబంధనల ప్రకారం రోడ్డుమీద పోయే బండి వెడల్పు 2.6 మీటర్లు దాటకూడదు. మన ఎనిమిదిన్నర అడుగులు అక్కణ్నుంచి వచ్చినవే. తర్వాత బరువు. 170 చదరపు అడుగులకు అయిదంగుళాల మందాన స్లాబు పోస్తే ఆ స్లాబు ఒక్కటే దాదాపు 5 టన్నులు తూగుతుంది. మా ఇల్లు గోడలతో, కప్పుతో, వంటగట్టుతో, చాసిస్‌తో కలిపి అంతకు లోపే ఉండాలి. మొత్తం బరువులో నూటికి 10 నుంచి 15 పాళ్లు ముందున్న కొక్కెం మీద పడాలి. వెనక బరువెక్కితే దారిలో ట్రైలర్ పాములా ఊగి, లాగే బండినే పక్కకు ఈడ్చేస్తుంది. అందుకే వంటగది ఎక్కడ, నీళ్ల ట్యాంకు ఎక్కడ అన్నవి అలంకారానికి సంబంధించిన ప్రశ్నలు కావు. వెయ్యి లీటర్ల నీళ్లంటే ఒక టన్ను. ట్యాంకు యాక్సిళ్ల మీదుగా ఉండాలి, ప్రయాణంలో ఖాళీగా ఉండాలి. మాలో టైల్స్ మేస్త్రీలు ఎందరున్నా ఈ ఇంట్లో టైల్స్ వెయ్యం. రోడ్డు కుదుపులకు అవి పగులుతాయి.

ఎండ సంగతి మాకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. ఖతర్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా పొద్దున 10 నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు బయట ఎండలో పని నిషేధం. అది ఎందుకు అవసరమైందో మా ఒంటికి తెలుసు. రామగుండం ఎండలూ తక్కువవేం కావు. కాబట్టి కప్పు మీద జానెడు ఎడంతో రెండో కప్పు వేస్తాం, మధ్యలోంచి గాలి పోతుంది. పైరేకు తెల్లగా ఉంటుంది. గోడల్లో రాక్‌వుల్ నింపుతాం, ఫోమ్ చవకే అయినా నిప్పంటుకుంటుంది. ఇనుప ఫ్రేముకూ లోపలి పలకకూ మధ్య వేడి దాటకుండా అడ్డుపట్టీ వేస్తాం. ఇలా కడితే ఒక టన్ను ఏసీ చాలు. పైగా ఈ ఇంటికి ఏ స్లాబు ఇంటికీ లేని వరం ఒకటుంది: పొట్టి గోడ పడమరకు వచ్చేలా ఇంటినే తిప్పుకోవచ్చు.

పడుకునే అటకకు బయటికి తెరుచుకునే కిటికీ, గ్యాస్ సిలిండరు గోడ అవతల, చాసిస్‌కు ఎర్తింగు, ఈదురుగాలికి నేలలో దిగిన కొక్కేలు. ఈ నాలుగింటిలో ఒక్కటి లేకపోయినా దాన్ని మేం ఇల్లని పిలవం.

4. ఆ ఇంట్లో ఉండేవాళ్లే దాన్ని గీయాలి.

కోరుట్లలో ఉన్న ఇల్లాలు వీడియో కాల్‌లో చెప్పిన ఎత్తుకే వంటగట్టు వస్తుంది. మోకాళ్లు నొచ్చే అమ్మకు మెట్లెన్నో, వాటి ఎత్తెంతో అమ్మే చెబుతుంది. దూరాన సంపాదించే మగవాడు డబ్బు పంపడం, ఊళ్లో ఎవరో కట్టడం, ఇంట్లోవాళ్లు అందులో సర్దుకోవడం అనే వరస మారుతుంది. ఇంటి కాగితాల మీద ఆమె పేరు ముందుంటుంది.

అన్నదమ్ముల పంపకాల్లో మన ఊళ్లు ఎంత నలిగాయో మీకు తెలుసు. గోడను సగానికి కోయలేక మాటలు కోసుకున్న ఇళ్లు ఎన్నో. రేపటి పంపకంలో ఎవరి ఇల్లు వాళ్లతో కదులుతుంది, ఉమ్మడి వాకిట్లో వేపచెట్టు అందరికీ మిగులుతుంది. కౌలు చేను గట్టున నిలవగల ఇల్లు, కూతురు నర్సింగ్ చదివే పట్నానికి ఒక ఏడాది తోడుగా వెళ్లగల ఇల్లు, గోదావరి వరద హెచ్చరిక రాగానే మెరకకు లాగేయగల ఇల్లు మన పిల్లలకు మామూలు సంగతి కావాలి. పంచాయతీలు అటువంటి ఇంటికి కరెంటు మీటరూ చిరునామా ఇవ్వాలని అడుగుతాం, ఇచ్చేదాకా అడుగుతూనే ఉంటాం.

5. అప్పు మీద పునాది వేయం. నేర్చినదాన్ని దాచం.

వీసా కోసం తెచ్చిన పైసలకు మిత్తి కట్టినవాళ్లం, ఇంటికోసం మళ్లీ అప్పులవాడి గడప తొక్కం. ఈ ఇల్లు ముక్కలుగా పుడుతుంది: చేతిలో ఉన్నప్పుడు చాసిస్, తర్వాత ఫ్రేము, ఆ తర్వాత గోడలు. ఏ దశలో ఆగినా అక్కడివరకు కట్టింది వానకు తడవకుండా మూసిపెట్టేలా డ్రాయింగు ఉంటుంది. ఆ డ్రాయింగులన్నీ తెలుగులో, అడుగులూ అంగుళాల్లో, కట్టాలనుకున్న ప్రతివారికీ ఉచితంగా ఇస్తాం.

మేం కోరే భవిష్యత్తు ఇది. జగిత్యాలలోనో రాజంపేటలోనో ఒక షెడ్డు ఉంటుంది. అందులో దోహా నుంచి తిరిగొచ్చిన ఫిట్టరు ఇరవయ్యేళ్ల కుర్రాడికి వెల్డింగ్ నేర్పుతుంటాడు. ఆ కుర్రాడు ఏజెంటు దగ్గరికి పోకుండానే పనివాడవుతాడు. గల్ఫ్ వెళ్లాలనుకుంటే వెళ్తాడు, కానీ వెళ్లేనాటికే సొంత గడప ఉన్నవాడై వెళ్తాడు, రావాలనుకున్ననాడు వస్తాడు.

మొదటి ఇంటిని, తిరిగి వెళ్లిపోతున్న మా తోటివారిలో ఒకరి ఊళ్లోనే కడతాం. దానికి ముందు ఇక్కడ, శుక్రవారపు సెలవుల్లో, అసలు కొలతలతో ఒక గోడా ఒక మూలా కట్టి ఎండలో నిలబెట్టి లోపలి వేడి కొలుస్తాం. వెల్డర్లు, వడ్రంగులు, ఎలక్ట్రీషియన్లు, డక్ట్ పనివాళ్లు, ఇళ్లలో వంటచేసే అక్కలు, ఆటోక్యాడ్ తెలిసిన తమ్ముళ్లు మాకు కావాలి. టేపు పట్టుకుని రండి.