అది రాయి కాదన్నా!

మాది గుండుగొలను. చేపంటే మాకు కిలో ఎంత అన్న లెక్కే. అవి నీళ్లలో ఎలా బతుకుతాయో నేనెప్పుడూ చూళ్లేదు. మొన్న నాలుగు రోజులు సెలవు పెట్టి అండమాన్ వెళ్లొచ్చాను.

పోర్ట్‌బ్లెయిర్‌లో బోటెక్కితే కాసేపట్లోనే రాస్ ఐలాండ్. 2018 నుంచి దాని పేరు నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్. 1858లో ఖైదీల్ని అండమాన్‌కి తెచ్చిన బ్రిటిష్ వాళ్లు తమ కాపురానికి ఈ బుల్లి దీవిని ఎంచుకున్నారు. ఖైదీల చేతే అడవి కొట్టించి చర్చి, బేకరీ, డాన్స్ హాలు కట్టించుకున్నారు. 1941లో భూకంపం వచ్చింది. మరుసటి ఏడాది జపాన్ సైన్యం దిగింది. దొరల వైభోగం అంతటితో సరి! ఇప్పుడా గోడల్ని చెట్ల వేళ్లు పెనవేసుకున్నాయి. మధ్యలో జింకలు తిరుగుతున్నాయి. మన అల్లూరి అనుచరుడు గాం మల్లుదొర కూడా అండమాన్‌లో శిక్ష అనుభవించినవారే. ఆయన 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యారు.

అక్కణ్నుంచి నార్త్ బే వెళ్లాం. పాత ఇరవై రూపాయల నోటు వెనక ఉండే లైట్‌హౌస్ ఇక్కడిదే. మాస్కు పెట్టుకుని నీళ్లలో మొహం ముంచానో లేదో, పసుపూ నీలం చేపలు నా వేళ్ల పక్కనుంచే వెళ్లాయి. అలసిపోయి కింద గట్టిగా కనిపించిన దాని మీద కాలు ఆనించబోయాను. గైడ్ కుర్రాడు చెయ్యి పట్టుకుని లాగేశాడు. "అది రాయి కాదన్నా, ప్రాణం ఉంది!" వాళ్ల తాత శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడట.

నిజమే. పగడపు దిబ్బ అంటే లక్షల చిన్న చిన్న జీవులు కట్టుకున్న ఊరు. చాలా రకాలు ఏడాదికి ఒకట్రెండు సెంటీమీటర్లు కూడా పెరగవు. సముద్రం వేడెక్కితే రంగు పోయి తెల్లబడతాయి. 2010లో అండమాన్‌లో అలాగే జరిగింది.

ఆ రాత్రి కొల్లేరు గుర్తొచ్చింది. 2006లో సరస్సులోని చేపల చెరువుల గట్లు తెగ్గొట్టినప్పుడు మాదీ పోయింది. నాన్న రెండ్రోజులు అన్నం ముట్టలేదు. అన్యాయం జరిగిందనే ఇన్నాళ్లూ అనుకున్నాను. కానీ ఆ గట్టు వేసింది కూడా, నేను కాలు ఆనించబోయినట్టే, ఒక ప్రాణమున్న దాని మీద కదా!

ఇంటికొచ్చి నాన్నకి ఈ మాట చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. "మా చిన్నప్పుడు ఆ నీళ్లే తాగేవాళ్లంరా" అన్నాడు.