తేలిక మూట, పొడి బట్ట

ప్రయాణ మనగానే మన యిండ్లలో మనుష్యులకంటె ముందు పెట్టె సిద్ధమగును. నాలుగు దినముల పనికి ఎనిమిది జతలు, "ఎందుకైనను మంచి"దని మరి రెండు. తిరిగి వచ్చి చూచినచో వానిలో సగము మడత విప్పకయే యుండును; కట్టి విడిచిన సగము చెమటవాసనతో పెట్టె నంతయు నింపును. బట్టలు హెచ్చుగా నుండుట వేరు, శుభ్రమైన బట్ట వేళకు చేతి కందుట వేరు. ఈ నెల ఆ భేదమును గూర్చియే సోదరీమణులతో ముచ్చటింప దలచితిని.

హైదరాబాదునకు తూర్పువాకిళ్ళు ఎల్.బి.నగరు, దిల్‌సుఖ్‌నగరు. నల్లగొండ, సూర్యాపేటల నుండియు, విజయవాడ రహదారి వెంటను వచ్చు బస్సు లీ దారినే నగరము చొచ్చును. 2018 సెప్టెంబరు 24వ తేదీన అమీరుపేట నుండి ఎల్.బి.నగరు వఱకు మెట్రో రైలు నడవ నారంభించినది మొదలు, బస్సు దిగినవారు ఇచటనే రైలెక్కి మియాపూరు వఱకును పోవుచున్నారు. 2023 డిసెంబరు 9వ తేదీ నుండి తెలంగాణ స్త్రీలకు రాష్ట్ర రవాణా సంస్థవారి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో టికెట్టు ఖర్చు లేదు. ఖర్చు తగ్గగా రద్దీ పెరిగినది. నిలుచుండి ప్రయాణము చేయు నామెకు భుజమునకు తగిలించుకొను సంచియే మేలు గాని, ఇరువురు పట్టి యెత్తవలసిన పెట్టె కాదు. ఉద్యోగపరీక్షల శిక్షణకై దిల్‌సుఖ్‌నగరు, చైతన్యపురి వీథుల హాస్టళ్ళలో నుండు బాలికలకును, ఆసుపత్రిలోని బంధువునకు తోడుగా వచ్చిన తల్లులకును చోటు కొద్ది. మంచము క్రింద నొక సంచి పట్టును, అంతియే.

కావున మొదట గ్రహింపవలసిన దేమనగా, ఎన్ని జతలు కావలెనో తేల్చునది దినముల లెక్క కాదు, బట్ట ఆరుటకు పట్టు కాలము. రాత్రి ఉతికినది మఱునాటి సాయంకాలమునకు ఆరినచో, ఒంటిమీద నొకటి, తీగమీద నొకటి, అక్కఱకు నొకటి, మొత్తము మూడు జతలతో మూడు దినములైనను ముప్పది దినములైనను గడపవచ్చును. ఆరనిచో పది జతలును చాలవు.

ఆరుట బట్టజాతిని బట్టి యుండును. నూరు పాళ్ళ పొడినూలు మామూలు గాలిలోనే సుమారు ఎనిమిది పాళ్ళ తేమను తనలో నుంచుకొనును. పాలియెస్టరు అర పాలైనను ఉంచుకొనదు. అందుచే నిది త్వరగా ఆరును గాని చెమటవాసనను త్వరగా విడువదు. కనుక శరీరమున కంటియుండు లోవస్త్రములు పలుచని నూలువిగాను, పైవస్త్రములు నూలును పాలియెస్టరును కలిసినవిగాను ఏరుకొనుట మంచిది. జీను ప్యాంటు, దళసరి టర్కీ తువ్వాలు, ఈ రెండును సంచికిని బరువు, తీగకును బరువు. వానికి మారుగా పలుచని నూలు తువ్వాలు రెండు పెట్టుకొనుడు. దుమ్ము కనబడని పూల అచ్చు చీరయో, ముదురు రంగు కుర్తాయో ఉన్నచో మఱియు సుఖము. పైచీరను, చున్నీని కట్టిన ప్రతిసారియు ఉతుక నక్కఱలేదు. రాత్రి గాలికి విప్పార వేసినచో చాలును. రవిక, లోపావడ, లోవస్త్రములు మాత్రము ఏనాటివి ఆనాడే ఉతుకవలెను.

ఉతికిన బట్టను చేతితో ఎంత పిండినను నీరు మిగులును. పొడి తువ్వాలుపై దానిని పఱచి, రెంటిని కలిపి చాపవలె చుట్టి, ఆ చుట్టను మెలిపెట్టి గట్టిగా నొక్కుడు. నీరు తువ్వాలునకు ఎక్కును. బట్ట చెమ్మగా మాత్రము మిగులును. ఫంకా గాలిలో, మడతపై మడత పడకుండ ఆరవేయుడు. రెండు బారల సన్నని త్రాటిని రెండు పేటలుగా పురిపెట్టి కట్టినచో, పేటల నడుమ బట్ట కొనను దూర్చవచ్చును. క్లిప్పులు మోయ నక్కఱలేదు. వేసవిలో హైదరాబాదు గాలి పొడిగా నుండుటచే గంట రెండు గంటలలో ఆరు రవిక, శ్రావణమాసపు ముసురులో రోజెల్ల ఆరదు. వానకాలమున మఱియొక జత హెచ్చుగా తీసికొని పోవుట లోభింపవలసిన విషయము కాదు.

2004వ సంవత్సరము మొదలు నగరమునకు కృష్ణాజలము వచ్చుచున్నను, పెక్కు హాస్టళ్ళును అపార్టుమెంట్లును బోరునీటిని కూడ వాడుచుండును. ఉప్పునీట సబ్బు నురుగు కట్టక, తెల్లని తెట్టెయై బట్టకు పట్టి దానిని మొద్దుబార్చును. అట్టి చోట్ల ఉతుకు పొడి కొంచెము వాడుట, రెండుసారులు జాడించుట మేలు. కుంకుడురసమునకు తెట్టె కట్టు దోషము లేదు. రంగునకును హాని తక్కువ. సబ్బుబిళ్ళను సగము కోసి తీసికొని పోయినచో చాలును. దానిని తడియార్చిన పిమ్మటనే సంచిలో పెట్టవలెను.

దారిలో ఆవకాయ నూనె చీరపై పడినచో రుద్దరాదు. బియ్యపుపిండియో, ముఖమునకు రాయు పొడియో చల్లి, నూనె పీల్చుకొనిన తరువాత దులిపి సబ్బుతో ఉతుకవలెను. పసుపు మరక సబ్బు తగులగానే ఎఱ్ఱబారును. పసుపు, సున్నము కలిసిన రంగే యది. భయపడక జాడించి ఎండలో వేసినచో క్రమముగా వెలిసిపోవును. రక్తపుమరకను చల్లనీటిలోనే నానవేయవలెను. వేడినీరు తగిలినచో అది బట్టలో పాతుకొనును.

ఇంతవఱకు చెప్పినవన్నియు సులభములు. కష్టమైనది వేఱొకటి కలదు. పరస్థలమున మన ఆడుపిల్లలు లోవస్త్రములను, నెలసరి గుడ్డలను ఉతుకుదురు గాని వెలుతురున ఆరవేయరు. తువ్వాలు క్రిందనో, తలుపు వెనుకనో, మంచపుకోడు చాటుననో దాచి ఆరవేయుదురు. చుట్టము లేమనుకొందురో, మేడమీది కెవరు వత్తురో యను సంకోచమే యిందులకు కారణము. చాటున నుంచిన బట్ట పైకి ఆరినట్లుండి లోపల చెమ్మతోనే యుండును. దానినే ధరించినచో తొడల సందులలో తామర లేచును, దురద పట్టును. ఆ సంగతియు చెప్పుకొనలేక నెలలు గడపి, తుదకు వైద్యునికి రుసుము చెల్లింతురు. ఒక్కరి తువ్వాలు మఱియొకరు వాడినచో తామర గదియంతటికిని ప్రాకును.

నెలసరి గుడ్డలను ముందు చల్లనీటను, పిమ్మట సబ్బుతోను శుభ్రముగా ఉతికి, సూటిగా ఎండ తగులునట్లు ఆరవేయవలెను. ఎండ దొరకనినాడు ఇస్త్రీపెట్టెతో పూర్తిగా పొడిచేసి మఱి వాడవలెను. తడిబట్టను ప్లాస్టిక్కు సంచిలో మూటగట్టి ప్రయాణము చేయవలసి వచ్చినచో, ఊరు చేరగానే మొట్టమొదట దానినే విప్పవలెను. జాగు చేసినచో బూజు పట్టును.

ఉతికిన బట్టలో సిగ్గుపడవలసిన దేమున్నది? మన ముత్తవ్వలు తెల్లవాఱుజామున తడిబట్టను ఇంటి నడుమ దండెమున కెక్కించి, దానినెవ్వరును తాకరాదని శాసించిరి. ఆ మడి యాచారమును మన మిపుడు పాటించినను మానినను, ఆరవేయు చోటు ఇంటిలో గౌరవమైన చోటని వారు తలచిన మాట నిజము.

కావున నా మనవి ప్రయాణము చేయువారికంటె, వారికి ఆతిథ్యమిచ్చు గృహిణులకే హెచ్చు. పరీక్షకో, మందునకో, ఉద్యోగమునకో పల్లెనుండి మేనకోడలో, మఱదలో వచ్చినపుడు మంచము చూపెదము, మంచినీరిచ్చెదము. ఆపైన మేడమీది తాళపుచెవి కూడ ఇచ్చి, "అమ్మా, ఇదిగో ఎండ వచ్చు తీగ, ఇచట నీ బట్టలన్నియు ఆరవేసికొనుము, ఎవ్వరు నేమియు ననరు" అని ఒక్కమాట మనమే ముందుగా చెప్పుదము. అడుగుటకు ఆ పిల్లకు నోరు రాదు.