సిలిండర్ కాదు, కేస్‌షీట్ చూడండి

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో కాన్పు వేళ ఊపిరాడక పసిబిడ్డ చనిపోయిందని వార్త రాగానే ఆక్సిజన్ సిలిండర్లు, వెంటిలేటర్లు, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి తరలింపులో ఆలస్యం గురించే రాస్తున్నారు. అసలు నష్టం అంతకు చాలా ముందే, తల్లి నొప్పులు పడుతుండగానే జరుగుతుంది. నొప్పి వచ్చినప్పుడల్లా మాయకు రక్తం తగ్గుతుంది. మధ్యలో విరామం దొరికితే బిడ్డ తేరుకుంటుంది. తొందరగా కాన్పు కావాలని నొప్పులు పెంచే ఆక్సిటోసిన్ మందు అడ్డూఅదుపూ లేకుండా ఎక్కిస్తే ఆ విరామమే ఉండదు. అందుకే బిడ్డ గుండె చప్పుడు అరగంటకోసారి, చివరి దశలో ఐదు నిమిషాలకోసారి వినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది.

పుట్టాక చూసుకోవచ్చనుకోవడం భ్రమ. మెదడు దెబ్బతిన్న బిడ్డల ఒంటిని చల్లబరిచే చికిత్సను భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్‌లలో 408 మందిపై పరీక్షించి 2021లో ఫలితాలు వెల్లడించారు. చికిత్స పొందినవారిలో 42 శాతం, పొందనివారిలో 31 శాతం చనిపోయారు.

ఎవరూ పట్టించుకోనిది చట్టం సంగతి. ‘ఉమ్మనీరు మింగింది’ అన్న ఒక్క మాటతో తల్లిదండ్రులను ఇంటికి పంపేస్తుంటారు. వైద్యులపై క్రిమినల్ కేసులకు హద్దు గీసిన జాకబ్ మాథ్యూ తీర్పు (2005) అందరికీ గుర్తుంది. నిర్లక్ష్యం లేదని చూపే భారం ఆసుపత్రిదేనన్న సవితా గార్గ్ తీర్పు (2004) మాత్రం గుర్తుకు రాదు. అది వినియోగదారుల చట్టం కింద వేసిన కేసు. అందరికీ ఉచితంగా వైద్యం చేసే సర్కారు దవాఖానాలు ఆ చట్టం కిందికి రావని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పేసింది. అంటే కొత్తగూడ, గంగారం, పలిమెల గూడేల నుంచి వచ్చే పేద తల్లికే ఆ తలుపు మూత. ఆమెకు మిగిలింది రాజ్యాంగంలోని 21వ అధికరణం. సర్కారు ఆసుపత్రి సకాలంలో వైద్యం అందించకపోతే జీవించే హక్కును కాలరాసినట్టేనని 1996లో పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి కేసులో అదే కోర్టు తేల్చింది. సవితా గార్గ్ సూత్రం ఇక్కడా వర్తించాలి. కేస్‌షీట్‌లో కాన్పు తీరును గడుల్లో నమోదు చేసే పట్టిక పార్టోగ్రాఫ్. అందులో గుండె చప్పుడు రాయకపోతే, దాన్ని వినలేదనడానికి సాక్ష్యంగానే తీసుకోవాలి. కాగితం ప్రాణం కాపాడుతుందా అని నర్సమ్మలు అడుగుతారు. ఒక్కరికే నలుగురు గర్భిణుల్ని అప్పగిస్తే రాయడం కష్టమే. అలాంటప్పుడు ఆ ఖాళీ గడులు సిబ్బంది కొరతకు రుజువు, దానికి ప్రభుత్వమే జవాబు చెప్పాలి.

మూడు జిల్లాలకూ మెడికల్ కాలేజీలు వచ్చాయి. కలెక్టర్లు వాటి ప్రసూతి విభాగాలతో నెలనెలా ఆ గడులను తనిఖీ చేయించాలి. బిడ్డను పోగొట్టుకున్నవారు కేస్‌షీట్ నకలు కావాలని రాతపూర్వకంగా అడగండి. 2002 వైద్య మండలి నియమావళి ప్రకారం 72 గంటల్లో ఇచ్చి తీరాలి.